ఈ మాట ఎవరు, ఎవరితో అన్నారు?

మైకు తాత చూపుడువేలితో మైకును మళ్ళీ తట్టాడు, టప్ టప్ మని, ఆ చప్పుడు నా రొమ్ము మీద తట్టినట్టే ఉంది, ఎందుకంటే ఆయన దాన్ని సరిచేస్తున్నది నా కోసమే, ఇంకో పాట, ఆ తరవాత పాస్టరు అయ్యగారి వాక్యం, ఆ తరవాత "ఇప్పుడు మన సహోదరి వచ్చి సాక్ష్యం చెబుతారు" అంటారు, నేను లేవాలి. అందుకే ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడకు బ్యానరు కట్టారు. మా ఆయన పోయి ఏడాదైందని ఈ కూడిక. బ్యానరు మీది ఫొటో మిల్లు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది, అంత పెద్దది చేసేసరికి ముఖం చెదిరి, కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియకుండా పోయింది. ఫొటో కింద ఆయన పేరు చిన్న అక్షరాల్లో ఉంది, ఆ పేరు కింద నా మాట పెద్ద అక్షరాల్లో ఉంది. స్తోత్రం. పక్కన ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. నేనన్నప్పుడు ఆశ్చర్యార్థకం లేదు. ఏ గుర్తు ఎక్కడ పెట్టాలో పిల్లలకు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నదాన్ని, నా మాటకే ఎవరో గుర్తు పెట్టేశారు. ఇవాళ దాన్ని తీసెయ్యాలి. అందుకే వచ్చాను. ఒక్క వాక్యం తయారు చేసుకున్నాను, బస్సులో, కుళాయి దగ్గర, పరీక్ష హాల్లో పిల్లల వెనక నడుస్తూ దాన్ని నాలో నేనే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు నేను దేవుణ్ణి స్తుతించలేదు, వినబడిందా అని డాక్టరు అడిగితే విన్నానని చెప్పాను. ఇంతే. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. మా సంఘంలో వాక్యం అంటే ప్రసంగం, అది కనీసం గంట. నా వాక్యం ఒక్క ఊపిరి.

నెత్తి మీద ఫ్యాను గరగరమంటోంది. ఆయనుంటే ఇది ఆయనకు వినబడేది కాదు. కలప కోసే మిల్లులో రంపం మిషను ముందు నిలబడి నిలబడి ఆయన చెవులు ముందు చిన్న చప్పుళ్ళను వదిలేశాయి, గడియారాన్ని, వానని, గిన్నె మీద మూత ఎగిరే చప్పుడుని, తరవాత నన్ను. పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు, "నువ్వు పక్క గదిలోంచి 'ఆఁ' అంటే నువ్వన్నావో వీధిలో ఎవరన్నారో తెలీడం లేదే. 'ఊఁ' అంటే అసలు నా దాకా రాదు. స్తోత్రం అను. 'స్తో' దగ్గర ఒకటి, 'త్రం' దగ్గర ఒకటి, రెండు దెబ్బలున్న మాట. ఒకటి తప్పినా రెండోది తగులుతుంది." ఎక్కడ పట్టాడో ఆ మాటని. దేవుడి మాటని ఇంటి పనికి వాడొచ్చా అని నేను అడిగితే, ఇంటి పని దేవుడిది కాదా అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో విన్నాను అనడానికి ఆ ఒక్క మాటే. స్నానానికి నీళ్ళు కాగాయంటే స్తోత్రం. తాళంచెవి నీ దగ్గరే ఉందా అంటే స్తోత్రం. పొయ్యి మీద మాడుతోందే అంటే స్తోత్రం. పోట్లాట రోజుల్లో నేను మూత విసిరికొట్టి "స్తోత్రం!" అంటే, "ఆ స్తోత్రంతో కొట్టకే తల్లీ, గిన్నెతో కొట్టు, నొప్పి తక్కువ" అనేవాడు. పొద్దున్నే ఇద్దరం వంటగదిలోనే నిలబడి ప్రార్థన చేసుకునేవాళ్ళం, ఆయన టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని, నేను చాక్‌పీసు అంటిన చేతిసంచీ భుజాన వేసుకుని, ఆయన ప్రార్థనలో మిషను బెల్టు తెగకూడదని ఒక మాట, నా తొమ్మిదో తరగతి అల్లరి మూకకి బుద్ధి రావాలని ఒక మాట ఉండేవి, అవి పెద్ద గొంతుతో, తనకు తాను వినబడేంత గొంతుతో. పక్కింటావిడ కిటికీలోంచి, "ఏమ్మా టీచరమ్మా, చెముడు మీ ఆయనకా, మీ దేవుడికా?" అనేది. అది చెబితే మా ఆయన పడీ పడీ నవ్వాడు. చొక్కా మడతల్లోంచి రంపపు పొట్టు రాలింది. కంట్లో నలుసూ మా మిల్లుదే, దూలమూ మా మిల్లుదే, ఇంక నేనెవరికి నీతులు చెప్పగలను అనేవాడు. విశ్వాసం అంటే నాకు తెలిసింది అదే, ఆ వంటగది, ఆ పొట్టు, ఒకరు పిలిస్తే ఒకరు పలకడం.

ఆస్పత్రి వరండాలో నన్ను మోచేయి దగ్గర పట్టుకుని నిలబడింది అమ్మగారు, అయ్యగారి భార్య, మంచి మనిషే, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా నాతోనే ఉంది. డాక్టరు కుర్రవాడు. ముఖానికున్న గుడ్డ గడ్డం కిందికి లాక్కున్నాడు. "మా చేతిలో ఉన్నదంతా చేశామమ్మా. పోయారు." నేను అతని గడ్డం కింద గుడ్డ మీద చెమట మరకను చూస్తున్నాను. అది ఏ ఆకారంలో ఉందో ఇప్పుడడిగినా బోర్డు మీద గీయగలను. అతను కాస్త ముందుకు వంగి, గొంతు పెంచి, "అమ్మా, నేను చెప్పింది వినబడిందా?" అన్నాడు. మా ఇంట్లో మాదిరిగా అడిగాడు. పక్క గదిలోంచి అడిగినట్టు. స్తోత్రం, అన్నాను. ఆ మాట నేలమీద పడకముందే అమ్మగారు నా మోచేయి వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. నా భర్త కోసం కాదు, నా కోసం, నా నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు. తరవాత లోపలికి పంపారు. ఆయన చెవి మడతలో పొట్టు ఉంది, వేలితో తీశాను, ఒంగి ఏమండీ విన్నారా అన్నాను, జవాబు కోసం కాసేపు ఆగాను, అలవాటు. వెనకనుంచి అమ్మగారు వీపు నిమిరి, "ఏడవకు తల్లీ. ఇంత గొప్ప సాక్ష్యం చెప్పావు, ఇప్పుడేడిస్తే చెడిపోతుంది" అంది. నేను ఏడవలేదు. అప్పుడు కుదరలేదు, తరవాత వీల్లేకపోయింది, ఎవరు చూసినా సాక్ష్యం చెడుతుంది కనక తలుపు వేసుకుని ఏడవడం నేర్చుకున్నాను, అది కూడా చప్పుడు లేకుండా.

పరీక్షలో ఒక ప్రశ్న ఇస్తాం. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు? పిల్లలు ఎవరన్నారో రాస్తారు, ఎవరితో అన్నారో రాస్తారు, సందర్భం ఎగ్గొడతారు. సందర్భం లేకపోతే మార్కు లేదురా, మాటకి సందర్భమే ప్రాణం అని నెత్తీ నోరూ కొట్టుకుంటాను. అమ్మగారు ఆదివారం సంఘంలో నిలబడి చెప్పినప్పుడు డాక్టరు అడిగిన ప్రశ్న ఎగిరిపోయింది. భర్త పోయాడని చెప్పారు, స్తోత్రం అంది. రెండు ముక్కలు, మధ్యలో ఏమీ లేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆవిడ చెవికి ఆ ప్రశ్న అందలేదంతే, అందవలసింది మాత్రమే అందింది. ఆ తరవాతి కూడికలో నా చేతులు కూడా పైకి లేచాయి. ఇంకో ఊళ్ళో స్త్రీల కూటంలో నేను వరండాలో మోకాళ్ళూనానట, నర్సులు కన్నీళ్ళు పెట్టుకున్నారట, ఈ మధ్య డాక్టరు మారుమనస్సు పొందాడని కూడా విన్నాను. పిల్లలు అడవికి వెళ్ళిన కథ రాయమంటే పులిని తెస్తారు, పులి సరిపోకపోతే పాముని తెస్తారు. దిద్దుదామని ఒకసారి వెళ్ళాను. అమ్మగారూ, అది స్తుతి కాదండీ అన్నాను. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఎంత తగ్గింపమ్మా నీకు, ఎంత వినయం, అంది. ఆ మాట కూడా తరవాతి ఆదివారం సాక్ష్యంలో కలిసిపోయింది.

కుడివైపు మా అత్తగారు కూర్చుంది, నాకూ ఆవిడకూ మధ్య ఆవిడ చేతిసంచీ కూర్చుంది. నాతో మాట్లాడదు. నా గురించి గాలితో మాట్లాడుతుంది. "ఫ్యాను కింద కూర్చోబెట్టారు మహారాణిని." "ఆమెగారిని కాలు కాస్త జరుపుకోమనండి." సమాధుల తోటలో మట్టి వేస్తుండగా అన్న మాట అక్కడున్న అందరికీ వినబడింది, మట్టి వేసేవాళ్ళు చేతులు ఆపారు కూడా. "నా కొడుకు పోయాడంటే స్తోత్రం అందట ఈ మహాతల్లి! ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చుంది కాబోలు." మరిది ఆవిడ భుజం పట్టుకున్నాడు. నేను ఆ గోతిలోకి చూస్తూ, ఈయన లేచి వచ్చి ఒక్క ముక్క చెబితే చాలు కదా అనుకున్నాను, అమ్మా, అది మా ఇంటి మాటే అని. ఆ మాటకి అర్థం తెలిసిన మనిషి పెట్టెలో ఉన్నాడు. సంఘమంతటికీ అది ఆరాధన, అత్తగారికి అది శాపనార్థం, దాని అసలు అర్థం ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో నేనొక్కదాన్ని మిగిలాను. ఒక భాష మాట్లాడేవాళ్ళలో చివరి మనిషి ఎవరితో మాట్లాడతాడు అని ఓ పిల్లవాడు క్లాసులో అడిగాడు ఎప్పుడో. కూర్చోరా, అది సిలబసులో లేదు అన్నాను.

పాట అయిపోయింది, కుర్చీలు కిర్రుమన్నాయి, అయ్యగారు గొంతు సవరించుకున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. చివరి వరసలో, గుమ్మం పక్కన, ఆ అమ్మాయి వచ్చింది. మా సందు చివర కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే అమ్మాయి. చంటిబిడ్డ పోయింది, ఎండాకాలంలో, జ్వరం వచ్చి. అమ్మగారు నన్ను రిక్షా ఎక్కించుకుని తీసుకెళ్ళింది, ఆదరించడానికి అని. ఆ అమ్మాయి మిషను బల్ల మీద తల కొట్టుకుని అరుస్తోంది, దేవుణ్ణి తిడుతోంది, పేరు పెట్టి, నువ్వు అని, కళ్ళు లేవా నీకు అని, గొడ్డువా నువ్వు అని. నాకు వినడానికి హాయిగా ఉంది. అది అనకూడదు కానీ ఉంది. నా గొంతులో ఇరుక్కున్నదాన్ని ఎవరో బయటికి లాగుతున్నట్టు ఉంది. అప్పుడు అమ్మగారు నన్ను ముందుకు తోసింది. "నోరు కడుక్కో అమ్మాయ్. ఈ టీచరమ్మను చూడు. మొగుడు పోయాడని చెబితే ఏమందో తెలుసా? నీకూ ఈమెకూ దేవుడు ఒక్కడే కాదా?" ఆ అమ్మాయి అరవడం ఆపి నా వైపు చూసింది. నుదుటి మీద బల్ల అంచు గీత ఎర్రగా ఉంది. నేను అప్పుడే చెప్పవలసింది. కాదమ్మా, నువ్వు తిట్టు అని. నోరు తెరిచాను, అమ్మగారి చెయ్యి నా వీపు మీద వెచ్చగా ఉంది. ఆ అమ్మాయి ముఖం తుడుచుకుంది. తరవాత మళ్ళీ అరవలేదు, ఎవరూ వినలేదు, సందులో మిషను చప్పుడు కూడా చాలా రోజులు లేదు, ఇప్పుడుంది, కానీ కుడుతూ పాడే పిల్ల, పాడదు. నా మాట ఒక కర్ర అయింది. ఏడ్చేవాళ్ళ ఇంటికల్లా దాన్ని పట్టుకెళ్ళి కొడుతున్నారు. ఇవాళ్టి నా వాక్యం మా ఆయన కోసం కాదు, ఆయనకు ఏం తక్కువైంది, గుమ్మం పక్కనున్న ఆ అమ్మాయి కోసం. ఆమె వింటే చాలు.

అయ్యగారి వాక్యం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు మధ్యకొచ్చిందో నాకు తెలియదు, మంచి గొంతు ఆయనది, చల్లటి నీళ్ళలా పోస్తారు, మనుషులు పోయిన ఇళ్ళలో రాత్రిళ్ళు కూర్చుని మంచివాడనిపించుకున్న మనిషి, ఆయన మీద నాకు కోపం లేదు, కోపం ఉంటే తేలిగ్గా ఉండేది. సందర్భం, సందర్భం అనుకుంటున్నాను, కర్త, కర్మ, క్రియ అనుకుంటున్నాను, చేతిలో రుమాలు తడిసిపోయింది. సహోదరి రావాలి, అన్నారు. లేచాను. మైకు తాత మైకు నా నోటి దగ్గర పెట్టి, "దగ్గరగా మాట్లాడమ్మా, దూరమైతే ఇది పట్టుకోదు" అన్నాడు. దీనికీ చెముడేనా అనుకున్నాను, నవ్వొచ్చింది, అది కూడా ఆయనతో చెప్పుకోవలసిన మాటే.

"ఆ రోజు నేను దేవుణ్ణి స్తుతించలేదు" అన్నాను. ఎవరి బిడ్డో దగ్గింది. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి తలెత్తింది. నేను చూశాను, ఆమె నా వైపే చూస్తోంది, వంగి. "వినబడిందా అని డాక్టరు అడిగాడు. విన్నానని చెప్పాను. అంతే." వాక్యం పూర్తయింది. చివర చుక్క కూడా పెట్టాను. ఒక్క క్షణం, అంతా సరిగ్గానే ఉంది.

"విన్నారా సంఘమా!" అయ్యగారు మైకు అందుకున్నారు, ఆయన కళ్ళు నిజంగా చెమ్మగిల్లాయి. "నేను స్తుతించలేదు, అంటోంది మన సహోదరి. నిజమే! మనిషివల్ల అవుతుందా అది? మరి ఎవరు స్తుతించారు ఆమె నోట? విన్నాను, అంది. ఏమి విన్నది? డాక్టరు మాటే అయితే గుండె పగిలేది కాదా! ఆ వరండాలో ఆమె ఇంకో స్వరం విన్నది. వినబడిందా అని అడిగినవాడు డాక్టరు కాదు సంఘమా!" స్తోత్రం, అన్నారు ఎవరో. స్తోత్రం, స్తోత్రం, హాలంతా లేచింది, చేతులు లేచాయి. "కాదండీ, మా ఇంట్లో ఆ మాటని" అన్నాను, మైకు తాత అప్పటికే మైకును పాట పాడేవాళ్ళకు అందించేశాడు, నా గొంతు నా పళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఎత్తిన చేతుల మధ్యలోంచి గుమ్మం వైపు చూశాను. ఆ అమ్మాయి కూడా నిలబడి ఉంది. చెయ్యి ఎత్తలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఏ మాటో ఇక్కడి నుంచి వినబడలేదు, పెదవుల మీద రెండు దెబ్బలు కనబడ్డాయి. పక్కనున్నావిడ ఆమె వీపు నిమిరింది.

కూడిక ముగిసింది. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. మనుషులు వచ్చి చేతులు పట్టుకుంటున్నారు, వదులుతున్నారు. మధ్యలోని సంచీ లేచింది, దాని స్థలంలోకి మా అత్తగారు జరిగింది. ఏడాదిలో మొదటిసారి ఆవిడ భుజం నాకు తగిలింది, ఆయన భుజంలాగే ఎముకలు తేలి.

"ఏమే" అంది, నా ముఖం వైపు చూడకుండా, బ్యానరు వైపు చూస్తూ. "ఆ మాట వాడికి ఎవరు నేర్పారనుకున్నావు? వాళ్ళ నాన్నకీ చెముడే. అదే మిల్లు, అదే రంపం. నీ పెళ్ళి నాటికి ఆయన లేడు కనక నువ్వెరగవు. ఆఁ అంటే వినబడదు మొర్రో అంటే, నేనే మొదలెట్టాను స్తోత్రం అని. పొయ్యి దగ్గర నేనన్నదాన్ని వింటూ పెరిగాడు వాడు."

ఆ భాష మాట్లాడే మనిషి ఇంకొకరున్నారు. ఏడాదంతా పక్కనే ఉన్నారు. "మీకు తెలుసా అత్తయ్యా? నేనెందుకన్నానో మీకు తెలుసా?"

"ఆస్పత్రి కబురు చెప్పిన క్షణంలోనే తెలుసు."

"మరి సమాధుల దగ్గర అలా ఎందుకన్నారు? ఇన్నాళ్ళూ ఎందుకు..."

అప్పుడు తిరిగింది నా వైపు. కళ్ళు పొడిగా ఉన్నాయి. "మరి ఎవర్ని తిట్టమంటావే? ఆయన్నా?" వేలు పైకి చూపలేదు, అంత సాహసం చెయ్యలేదు, గడ్డం మాత్రం కొంచెం ఎత్తింది. "మొగుణ్ణి తీసుకుపోయాడు, ఊరుకున్నాను. కొడుకుని తీసుకుపోయాడు. ఆయన్ని ఒక్క మాట అంటే పాపం. నిన్ను అంటే పాపం లేదు." మామూలు గొంతుతో, "నువ్వు కాస్త గట్టిదానివి కూడాను. తట్టుకుంటావు" అంది.

అమ్మగారు నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మా వైపే వస్తోంది, కొత్తవాళ్ళు, నన్ను చూపించడానికి. అత్తగారు లేవబోయి కింద తడుముకుంది. "నా చేతికర్ర ఆ కుర్చీ కిందికి పోయింది. ఇలా తీసివ్వు." నేను వంగాను. కుర్చీ కాళ్ళ మధ్య చీకట్లో, ఎవరిదో చెప్పు, చిరిగిన పాటల కాగితం, కర్ర ఇంకా లోపలికి ఉంది, చెయ్యి చాపాను. "ఏమే, వినబడిందా?" అంది పైనుంచి.

"స్తోత్రం" అన్నాను.

పైన ఆడవాళ్ళ అడుగులు ఆగిపోయాయి. మా అత్తగారు వాళ్ళ వైపు తిరిగి, సమాధుల దగ్గర అన్న గొంతుతోనే అంది.

"విన్నారుగా. మళ్ళీ అంది."

నేను కర్ర తీసి ఆవిడ చేతికిచ్చాను.